ఓడినవాళ్ల వైపు కెమెరా పెడితే

అద్దంకి పేరు చెప్పగానే తెలుగు సాహిత్యం చదువుకున్న వాళ్లకి ఒక రాయి గుర్తొస్తుంది. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు క్రీ.శ. 848 ప్రాంతంలో వేయించిన శాసనం అది. తరువోజలో ఉన్న ఆ పద్యాన్ని తెలుగు పద్యానికి తొలి ఆనవాళ్లలో ఒకటిగా కాలేజీల్లో చెప్తాం. పరీక్షల్లో గణాలు అడుగుతాం, యతిస్థానాలు అడుగుతాం. అందులో ఉన్న విషయమేమిటని మాత్రం అంతగా పట్టించుకోం. అందులో ఉన్నది యుద్ధం. పండరంగడు పన్నెండు బోయ కొట్టాలను జయించాడు, కట్టెం కోటను నేలమట్టం చేశాడు, కందుకూరును బెజవాడలా చేశాడు. గెలిచినవాడు చెక్కించుకున్న మాట కాబట్టి ఓడిపోయిన బోయలు అందులో ఒక అంకెగా మిగిలారు. ఆ కొట్టాల్లో ఉన్న ఆడవాళ్లు అంకెలోకి కూడా రాలేదు.

గెలిచినవాళ్ల కథను తిరగేసి చూడటం మనకి కొత్త కాదు. స్త్రీవాదం మనకి నేర్పిన మొదటి పాఠాల్లో అదొకటి. "ఈ కథ ఎవరు చెప్తున్నారు? ఎవరి నోరు నొక్కి చెప్తున్నారు?" అని అడగకుండా మనం ఏ పుస్తకాన్నీ చదవలేని స్థితికి వచ్చాం. అయితే ఈ తిరగేసి చూడటం అన్నిసార్లూ ఒకేలా ఉండదు. బోయల వైపు నుంచి అద్దంకి శాసనాన్ని చదవాలనుకుంటే అందులో ఇబ్బందేమీ లేదు. కానీ ఓడినవాడు బాధితుడు కాకుండా దురాక్రమణ చేసినవాడైతే? రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయిన జర్మన్ సైనికుడి వైపు నుంచి సినిమా తీయాలనుకుంటే? అప్పుడు మన పాఠం పరీక్షకి నిలబడుతుందా?

ఈ ప్రశ్న ఇప్పుడు ఊహకి పరిమితమైనది కాదు. సినిమా తీయడానికి స్టూడియో, క్రేన్లు, కోట్ల రూపాయలు ఉండాలన్న రోజులు పోయాయి. చిన్న కెమెరాతో, పదిమంది స్నేహితులతో యుద్ధ సినిమా తీయాలని ఉత్సాహపడే అమ్మాయిలూ అబ్బాయిలూ మన ఊళ్లలో కూడా ఉన్నారు. వాళ్లలో చాలామందిని ఆకర్షించేది శత్రువు వైపు కథే. అది కొత్తగా ఉంటుంది, మానవీయంగా కూడా అనిపిస్తుంది. అందుకని ఇలాంటి సినిమాల చరిత్రను ఒకసారి మన కళ్లతో చూసుకోవడం అవసరం.

ఈ చరిత్ర నిషేధంతో మొదలవుతుంది. ఎరిక్ మరియా రెమార్క్ నవల 'ఆల్ క్వైట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్' 1929లో పుస్తకంగా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలోని జర్మన్ కుర్రాళ్ల కథ. దాన్ని 1930లో హాలీవుడ్‌లో లూయిస్ మైల్‌స్టోన్ సినిమాగా తీశాడు. నిన్నటి శత్రువుని అమెరికా ప్రేక్షకులు తమ పిల్లవాడిలా చూశారు. అదే సినిమా 1930 డిసెంబర్‌లో బెర్లిన్‌లో ఆడినప్పుడు గోబెల్స్ మనుషులు హాల్లోకి తెల్ల ఎలుకల్ని వదిలి, కంపు గుళికలు విసిరి గొడవ చేశారు. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం సినిమాని నిషేధించింది. సైనికుడు భయపడతాడు, ఏడుస్తాడు, అర్థం లేకుండా చచ్చిపోతాడు అని చూపించడం మగతనం మీద దెబ్బ కొట్టడమే. నాజీలకి అది బాగా అర్థమైంది. యుద్ధాన్ని నడిపేది తుపాకులకన్నా ముందు మగతనం గురించిన కట్టుకథ. ఆ కథని లోపలి నుంచి విప్పగలదు కాబట్టే శత్రు సైనికుడి వైపు సినిమాకి విలువ ఉంది. ఈ విలువని మనం కాదనక్కర్లేదు.

ఇక తక్కువ ఖర్చు సంగతి. 1945లో ఓడిపోయిన జర్మనీ దగ్గర డబ్బు లేదు, స్టూడియోలు కూలిపోయాయి. ఆ పరిస్థితుల్లో యుద్ధానంతర జర్మనీలో మొదటి కథాచిత్రం 1946 అక్టోబర్‌లో విడుదలైంది. వోల్ఫ్‌గాంగ్ స్టౌటె తీసిన ఆ సినిమా పేరుకు అర్థం 'హంతకులు మన మధ్యనే ఉన్నారు' అని. సెట్లు వేసే పని లేకపోయింది, బెర్లిన్ శిథిలాలే సెట్లు. రెండేళ్ల తర్వాత ఇటలీ దర్శకుడు రోసెల్లినీ కూడా ఒక జర్మన్ పిల్లవాడి కథని అదే శిథిలాల మధ్య తీశాడు. 1959లో బెర్న్‌హార్డ్ విక్కి 'వంతెన' తీశాడు. యుద్ధం ముగిసే రోజుల్లో, ఎందుకూ పనికిరాని ఒక వంతెనని కాపాడమని ఏడుగురు బడిపిల్లల్ని నిలబెడితే ఏమైందన్నది కథ. అందులో అమెరికన్ ట్యాంకులు అసలువి కావు, చెక్కతో చేసి బండి మీద కూర్చోబెట్టినవి. కానీ సినిమా చూసేటప్పుడు మనకి ట్యాంకు ధ్యాస ఉండదు. ఎందుకంటే సినిమా మొదటి సగమంతా ఆ పిల్లల ఇళ్లలో, వీధుల్లో, బడిలో గడుస్తుంది. వాళ్ల తల్లుల ముఖాలు మనకి తెలిసిపోతాయి. వంతెన దగ్గర ఒక్కొక్కడూ పడిపోతుంటే మనకి కనిపించేది సైనికుడు కాదు, ఫలానా ఇంటి పిల్లవాడు.

డబ్బు లేకపోవడం వల్ల యుద్ధ సినిమా బాగుపడుతుందని చెప్పడం అతిశయోక్తి. 1981లో వచ్చిన 'దస్ బూట్' జలాంతర్గామి సినిమా అప్పటి జర్మన్ సినిమాల్లో అత్యంత ఖరీదైన వాటిలో ఒకటి, గొప్పగా తీసిన సినిమా కూడా. కానీ డబ్బు ఉన్న చోట పేలుళ్లు వస్తాయి, పేలుళ్లు ఉన్న చోట ప్రేక్షకుడి ఒళ్లు పులకరిస్తుంది. యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ తీసిన సినిమా కూడా చివరికి యుద్ధాన్ని రుచి చూపించి పంపిస్తుంది. డబ్బు లేనివాడికి ఆ సౌకర్యం లేదు. వాడు ఎదురుచూపుని చూపించాలి, ఆకలిని, ఉత్తరాన్ని, మట్టి కొట్టుకుపోయిన బూట్లని చూపించాలి. అంటే యుద్ధంలో ఆడవాళ్లకి బాగా తెలిసిన భాగాన్నే చూపించాలి. మరి అలా చూపించిన సినిమాల్లో ఆడవాళ్లు ఎక్కడున్నారు?

'హంతకులు మన మధ్యనే ఉన్నారు' చూద్దాం. కథానాయకుడు మెర్టెన్స్ జర్మన్ సైన్యంలో పనిచేసిన డాక్టరు. 1942 క్రిస్మస్ ముందురోజున పోలండ్‌లో తన కెప్టెన్ ఆజ్ఞతో స్త్రీలనీ పిల్లలనీ కాల్చి చంపడం చూసినవాడు, ఆపలేకపోయినవాడు. ఆ జ్ఞాపకంతో తాగుబోతై కూలిన బెర్లిన్‌లో తిరుగుతుంటాడు. సుసానె నాజీ నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన స్త్రీ. హిల్డెగార్డ్ క్నెఫ్ ఆ పాత్ర వేసింది. ఇద్దరిలో ఎక్కువ బాధపడింది ఎవరని అడిగితే చిన్నపిల్లలు కూడా సుసానె అనే చెప్తారు. కానీ సినిమా అంతా మెర్టెన్స్ పీడకలల చుట్టూ తిరుగుతుంది. సుసానె శిబిరంలో ఏం చూసిందో ఒక్క సన్నివేశం లేదు. ఆమె వచ్చీ రాగానే చీపురు పట్టుకుంటుంది! పగిలిన ఇంటిని ఊడుస్తుంది, తుడుస్తుంది, ఆ మగవాడి మనసుని కూడా తుడిచి బాగుచేస్తుంది. చివర్లో అతను కెప్టెన్‌ని చంపబోతే ఆపేది కూడా ఆమే. మొదట రాసుకున్న కథలో అతను చంపేస్తాడట, సోవియట్ అధికారులు ఒప్పుకోకపోతే మార్చారు. ముగింపు మారింది కానీ చీపురు మారలేదు.

యుద్ధం చేసొచ్చిన మగవాడి గాయాన్ని చూపించడానికి, యుద్ధం మీద పడిన ఆడదాని గాయాన్ని పక్కన పెట్టారు. ఇది ఒక్క స్టౌటె లోపం అనుకోను. శత్రు సైనికుడి మీద సానుభూతి పుట్టించాలంటే అతను చంపినవాళ్లని ఫ్రేము బయట ఉంచాలి, లేకపోతే అతని జ్ఞాపకంలో మాత్రమే ఉంచాలి. ఇలాంటి సినిమాల్లో ఎప్పుడూ పొంచి ఉండే ప్రమాదం ఇదే. పశ్చిమ జర్మనీలో దశాబ్దాల పాటు ఈ ప్రమాదమే రాజకీయమైంది. నేరాలన్నీ హిట్లరూ ఎస్ఎస్ దళాలూ చేశాయి, మామూలు సైన్యం చేతులకి మట్టి అంటలేదు అన్న నమ్మకం పాతుకుపోయింది. దాన్ని జనం మధ్యలో బద్దలుకొట్టింది 1995లో హాంబర్గ్ సామాజిక పరిశోధన సంస్థ మొదలుపెట్టిన ఫోటో ప్రదర్శన. తూర్పు రంగంలో మామూలు సైనికులు తీసి దాచుకున్న ఫోటోలే అందులో సాక్ష్యమయ్యాయి. ఉరి తీసినవాళ్ల పక్కన నిలబడి నవ్వుతున్న ఫోటోలు. మా నాన్న ఇలాంటివాడు కాదు అని ఏడ్చినవాళ్లూ, ప్రదర్శన ఆపమని ఊరేగింపులు తీసినవాళ్లూ ఉన్నారు. జర్మన్ సైనికుడి వైపు కెమెరా అప్పటికే ఒకటి ఉంది, అది అతని చేతిలోనే ఉంది!

మరైతే దారి లేదా? ఉంది. దాన్ని ఒక స్త్రీ వేసింది. హెల్మా సాండర్స్-బ్రామ్స్ 1980లో 'జర్మనీ, పాలిపోయిన తల్లీ' అనే అర్థం వచ్చే పేరుతో సినిమా తీసింది. పేరు బ్రెష్ట్ కవిత నుంచి తీసుకుంది. కథ ఆమె తల్లిదండ్రులది, చెప్పేది కూతురి గొంతు. తండ్రి నాజీ పార్టీ మనిషి కాదు, మామూలుగా సైన్యంలోకి పోయినవాడు. తల్లి లెనె బాంబుల మధ్య బిడ్డని కని, భుజాన వేసుకుని ఊళ్లు దాటుతుంది. విజయం సాధించిన అమెరికన్ సైనికులు ఆమె మీద అత్యాచారం చేస్తారు. బాంబులు పడుతున్నంత కాలం తన కాళ్ల మీద నిలబడిన మనిషి, యుద్ధం ముగిసి భర్త ఇంటికొచ్చాక కూలిపోతుంది. ఆమె ముఖంలో సగభాగం చచ్చుబడిపోతుంది. శాంతి వచ్చిందని లోకమంతా అంటున్నప్పుడు ఆ ఇంట్లో యుద్ధం మొదలవుతుంది. ఈ వాక్యం మనలో ఎంతమందికి పరిచయమో చెప్పనక్కర్లేదు.

కానీ ఆ దర్శకురాలు తల్లిని కడిగిన ముత్యంలా చూపించలేదు. పొరుగింటి యూదు స్త్రీని పట్టుకుపోతుంటే లెనె కిటికీ తెర వేసేసుకుంటుంది. ఇంకొక ఉపాయం చూడండి. భర్త సైనికుడిగా వెళ్లిన చోట కాల్చి చంపే పరాయి దేశపు స్త్రీ పాత్రని కూడా లెనెగా నటించిన ఎవా మాటెస్ చేతనే వేయించింది. సైనికుడి తుపాకీ ముందు నిలబడిన శత్రు స్త్రీకి అతని భార్య ముఖమే ఉంది. దీనికి అదనంగా ఎంత ఖర్చయి ఉంటుంది? బాంబులతో నేలమట్టమైన నగరాన్ని ఆమె కట్టించలేదు, పాత వార్తా చిత్రాల ముక్కలు తెచ్చి కథ మధ్యలో అతికించింది. డబ్బు లేకపోవడం కళకి అడ్డం కాదని చెప్పడానికి కాదు నేనిదంతా చెప్పడం. ఒకే నటి చేత ఇద్దరు స్త్రీలను వేయించాలన్న ఆలోచన రావాలంటే, ముందు ఆ రెండో స్త్రీ ఒక మనిషని గుర్తుండాలి.

దీనికీ వివాదం తప్పలేదు. జర్మన్ స్త్రీల బాధని ఇంతగా చూపిస్తే యూదుల మీద జరిగిన ఘోరం చిన్నబోదా అని అడిగారు. 1992లో హెల్కె సాండర్ బెర్లిన్‌లో ఎర్రసైన్యం చేతిలో అత్యాచారాలకి గురైన స్త్రీలని మాట్లాడించి డాక్యుమెంటరీ తీసినప్పుడు ఈ ప్రశ్న ఇంకా గట్టిగా వచ్చింది. స్త్రీవాదులే రెండు వైపులా నిలబడి వాదించుకున్నారు. నాకు ఆ వాదన విలువైనదనిపిస్తుంది. బాధితురాలు కావడం వల్ల ఆమె జాతి చేసిన నేరం మాఫీ కాదు. జాతి చేసిన నేరం వల్ల ఆమె శరీరం మీద జరిగినది న్యాయమూ కాదు. ఈ రెండు వాక్యాలనీ ఒకే ఊపిరిలో అనగలగాలి. ఒకదాన్ని మింగేసిన సినిమా, అది ఎంత బీదగా తీసినా, పండరంగడి శాసనం లాంటిదే.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. మనకి శత్రువు వైపు అన్నది ఎప్పుడో తెలుసు, ఆమె పేరు నాగమ్మ. పన్నెండో శతాబ్దంలో కారంపూడి దగ్గర జరిగిన పల్నాటి యుద్ధం కథని శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద కావ్యం, వీరవిద్యావంతుల పాట రెండూ బ్రహ్మనాయుడి వైపు నుంచే చెప్తాయి. చాపకూడు పెట్టి కులాలను కలిపిన బ్రహ్మనాయుడు ఒకవైపు, నలగామరాజు మంత్రిణి, వితంతువు నాయకురాలు నాగమ్మ ఇంకొకవైపు. చాపకూడు గొప్పతనాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ గొప్పతనానికి ఎదురుగా నిలబెట్టడానికి రాజ్యం నడిపిన ఒక ఆడమనిషిని జిత్తులమారిగా చేయాల్సి వచ్చిందని గుర్తుపెట్టుకుంటాను. యుద్ధానికి కారణం ఆడది అనే పాట మనకి ద్రౌపది, సీతల నుంచి అలవాటే.

ఆ నాగమ్మని తెర మీద 1947లో కన్నాంబ, 1966లో భానుమతి వేశారు. మొదటి 'పల్నాటి యుద్ధం' మొదలుపెట్టింది 'మాలపిల్ల' తీసిన గూడవల్లి రామబ్రహ్మం. ఆయన 1946లో చనిపోతే ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశాడు. రెండు సినిమాలూ నాగమ్మ వైపు సినిమాలు కావు. అయినా ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టి, నటిగానే కాక దర్శకురాలిగా, స్టూడియో యజమానురాలిగా మగవాళ్ల పరిశ్రమలో తల వంచకుండా నిలబడిన భానుమతి ఆ పాత్రలోకి వచ్చి కూర్చున్నాక ప్రేక్షకురాలు ఎవరి వైపు చూస్తుంది? కథ ఏం చెప్పినా నటి ముఖం ఇంకేదో చెప్తుంది. శత్రువు వైపు సినిమా మనకి అలా దొంగచాటుగా వచ్చింది.

తక్కువ ఖర్చుతో యుద్ధాన్ని చూపించడం కూడా కారంపూడి వాళ్లకి బాగా తెలుసు. ఏటా కార్తీక మాసంలో అయిదు రోజులు జరిగే వీరారాధనలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కో రోజూ యుద్ధకథలో ఒక్కో ఘట్టం. ఊరే రంగస్థలం, వీరుల ఆయుధాలే పాత్రలు, విద్యావంతుల గొంతే నేపథ్య సంగీతం. అందులో ఒక రోజంతా కలిసి అన్నం తినడానికి కేటాయించారు. యుద్ధకథలో వంటకి ఒక రోజు! అలీసెట్టి గాలెయ్య పాడగా విని జీన్ రోఘెయర్ ఆంగ్లంలోకి తెచ్చిన ఈ కథ 1982లో పుస్తకమైంది. సినిమా తీసేవాళ్లు హాలీవుడ్ కన్నా ముందు దీన్ని చదవాలి.

మనవాళ్లకీ జర్మన్లకీ సంబంధం లేదనుకోవడానికీ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 25 లక్షల మంది భారతీయులు బ్రిటిష్ సైన్యంలో చేరారు. ఇటలీలో జర్మన్లతో తలపడిన ఆ సైనికుల్లో ఒక తెలుగువాడి కథగా, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన క్రిష్ 2015లో 'కంచె' తీశాడు. జార్జియాలో చిత్రీకరించిన ఆ సినిమాలో జర్మన్లు ఎదుటివాళ్లే. కానీ అసలు కంచె ఊళ్లో కులం వేసినది, ఆ గొడవలో చనిపోయేది సీతాదేవి. ఒకే సైన్యంలో ఒకే యూనిఫాంలో ఉన్న ఇద్దరు తెలుగువాళ్లు ఒకరికొకరు శత్రువులు కావడమే అందులో చూడాల్సిన సంగతి. శత్రువు ఎవరు అన్న ప్రశ్నని సరిహద్దు నుంచి ఇంటికి తెచ్చింది ఆ సినిమా.

దీనికి అవతల, జర్మన్ యూనిఫాం వేసుకున్న భారతీయులూ ఉన్నారు. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన యుద్ధ ఖైదీల నుంచి సుభాష్ చంద్ర బోస్ జర్మనీలో నిర్మించిన దళంలో సుమారు 3 వేల మంది. ఆ పనిలో బోస్‌కి కుడిభుజంగా ఉన్నవాడు హైదరాబాదీ ఆబిద్ హసన్. 'జై హింద్' పలకరింపుని ఆయనే సూచించాడని చెప్తారు. 1943 ఫిబ్రవరిలో బోస్‌తో పాటు యు-180 అనే జర్మన్ జలాంతర్గామి ఎక్కి, రెండున్నర నెలలకు పైగా అందులో ప్రయాణించి, ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ అవతల నడిసముద్రంలో జపాన్ జలాంతర్గామిలోకి మారాడు. దారిలో ఆ జర్మన్ నావ కార్బిస్ అనే బ్రిటిష్ ట్యాంకర్‌ని ముంచింది. ఇంతకన్నా తక్కువ ఖర్చు యుద్ధ సినిమా ఏముంటుంది? ఒక ఇరుకు గది, నలుగురు మగవాళ్లు, బయట నీళ్ల చప్పుడు. కానీ జలాంతర్గామి లోపలి కెమెరాకి మునిగిపోతున్న ఓడలోని మనుషులు కనిపించరు. బ్రిటిష్ వర్తక నౌకల్లో బొగ్గు ఎగదోసే లాస్కర్లుగా వేలమంది భారతీయులే ఉండేవారన్న సంగతి కూడా కనిపించదు.

బోస్ వెళ్లిపోయాక ఆ దళాన్ని 1944 ఆగస్టులో వాఫెన్ ఎస్ఎస్‌లోకి మార్చారు. అదే వేసవిలో ఫ్రాన్స్ నుంచి వెనక్కి తగ్గుతూ ఆ దళంలోని కొందరు ఫ్రెంచ్ ఊళ్లలో స్త్రీల మీద అత్యాచారాలు చేశారన్న ఆరోపణలు నమోదయ్యాయి. దేశభక్తి కథ చెప్పేటప్పుడు ఈ పుట చింపేస్తాం. స్వాతంత్ర్యం కోసం వేసుకున్న యూనిఫాం కూడా ఒక పరాయి ఊరి ఆడదానికి భయమే అయి ఉండొచ్చని ఒప్పుకోవడానికి మనకి నోరు రాదు.

హైదరాబాదులో ఆబిద్ హసన్ తల్లి ఫక్రుల్ హాజియా ఉంది. ట్రూప్ బజార్‌లోని తమ ఇంటి దగ్గర విదేశీ బట్టల్ని కుప్పపోసి తగలబెట్టించిన మనిషి. యుద్ధం ముగిశాక పట్టుబడ్డ ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికుల విడుదల కోసం పాటుపడింది, వాళ్లందరినీ తన బిడ్డలనే అంది. ఆ తల్లి వైపు నుంచి జలాంతర్గామి కథ తీస్తే సముద్రం అక్కర్లేదు. ఒక ఇల్లు, ఒక రేడియో, పేరు పలకకూడని ఒక కొడుకు చాలు.

కాబట్టి, తీయండి. శత్రువు వైపు నుంచే తీయండి. గుండ్లకమ్మ ఒడ్డున ఇసుకలో తీయండి, పత్తి తీసేసిన చేలల్లో తీయండి. మనవాళ్లే జర్మన్లుగా వేసినా ఫరవాలేదు, యూనిఫాం ఎవరికైనా సరిపోతుంది. కానీ స్క్రిప్టు చేతిలోకి తీసుకున్నప్పుడు మూడు ప్రశ్నలు పక్కన రాసిపెట్టుకోండి. ఈ సైనికుడు ఎవరిని చంపాడో వాళ్లకి తెర మీద ముఖం ఉందా? అతని చొక్కా ఉతికినవాళ్లకి మాట ఉందా? అతను ఇంటికొచ్చిన మర్నాడు ఆ ఇంట్లో ఏం జరిగింది? ఈ మూడింటికీ ట్యాంకులు అవసరం లేదు, పేలుడు మందు అవసరం లేదు. పన్నెండు కొట్టాలు అని రాయి మీద చెక్కినవాడికీ డబ్బు తక్కువై కాదు మిగతావి వదిలేసింది, అవి అతనికి కనపడలేదు.